వైరు కొయ్యడానికి భయపడకు తల్లీ

తల్లీ,

వ్యానుకు ఫాగ్ ల్యాంపులు నువ్వే బిగించుకుంటానంటున్నావని, మెకానిక్‌కు ఇవ్వనంటున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ముప్ఫై ఏళ్లు బండ్ల వైరింగులో చేతులు మసి చేసుకున్నవాణ్ణి. మన ఇంట్లో మరొకరు వైరు తొడుగు ఒలిచే స్ట్రిప్పర్ పట్టుకుంటారని ఎన్నడూ అనుకోలేదు. ఉబ్బిపోయాను. ఆ సంబరం ఫోను పెట్టేసేలోపే దిగిపోయింది. ఏ కనెక్టర్లు కొన్నదని అడిగితే, "నొక్కితే కరుచుకునే క్లిప్పులట అన్నయ్యా, వైరు కొయ్యనక్కరలేదట" అన్నాడు వాడు. ఎంత తేలిగ్గా అన్నాడో! ఎవరు మరిచినా ఆ క్లిప్పులను మీ నాన్న మరిచిపోకూడదు.

నీకు తెలిసే ఉండే సంగతులు ముందు గబగబా చెప్పేస్తాను. బ్యాటరీ నెగటివ్ తీసి పని మొదలుపెట్టు. ల్యాంపులకు బ్యాటరీ నుంచి వేరే వైరు లాగు, జానెడు దూరంలోపే ఫ్యూజు పెట్టు, మధ్యలో రిలే ఉండాలి, అంటే సన్న వైరు కరెంటుతో లావు వైరు కరెంటును కలిపే స్విచ్చు. రిలేలో 30, 87 బరువు మోసే కాళ్లు. 85, 86 దాన్ని మేల్కొలిపే కాయిలువి. పసుపు తొడుగు వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి పోకు. మెలిపెట్టిన జంట వైర్లనూ ముట్టుకోకు, వాటి మీద బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకుంటాయి.

ఇంత చేసినా, రిలేను మేల్కొలిపే సన్న వైరును ఎక్కడో ఒకచోట పాత వైరుకు కలపక తప్పదు. నా భయమంతా ఆ ఒక్క అతుకు గురించే.

నీకు అప్పుడు మూడేళ్లు. మీ నాన్న మొదటి వ్యాను కొని, ఫాగ్ ల్యాంపులు పెట్టమని నా దగ్గరికి తెచ్చాడు. సొంత తమ్ముడి పని కదా, శ్రద్ధగా చేసి ఉంటానని అనుకుంటావు. కాదు. సొంతవాడి పని కాబట్టే, సాయంత్రం తీరిక చూసుకుని పది నిమిషాల్లో ముగించాను. రిలే లేదు. హెడ్‌లైట్ల వైరు మీద, జేబులో ఉన్న ఎర్ర క్లిప్పు ఒకటి పెట్టి ప్లయర్‌తో నొక్కాను. అది సన్న వైర్లకు చేసిన క్లిప్పు, ఆ వైరు లావు. రెండు హెడ్‌లైట్లు 110 వాట్లు, రెండు ఫాగ్ ల్యాంపులు మరో 110. పన్నెండు వోల్టుల మీద మొత్తం 18 ఆంపియర్లు దాటింది. 15 ఆంపియర్ల ఫ్యూజు ఎగిరిపోయింది. నేనేం చేశానో తెలుసా? 20ది పెట్టాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఏడాదిన్నర బాగానే వెలిగాయి. ఒక రాత్రి జోరు వానలో ముగ్గురం వస్తున్నాం. మీ నాన్న నడుపుతున్నాడు, నేను పక్కన, నువ్వు వెనక సీటులో దుప్పటిలో. మలుపు తిరుగుతుండగా ముందు దారి మాయమైంది. ఒక్క దీపం లేదు. కాలుతున్న ప్లాస్టిక్ వాసన. మీ నాన్న బ్రేకు మీద నిలబడ్డాడు. ముందు చక్రం రోడ్డు అంచు దిగి ఆగింది. నువ్వు అటు నుంచి ఇటు ఒత్తిగిల్లావు, అంతే, లేవను కూడా లేదు.

టార్చి వేసి బానెట్ ఎత్తితే క్లిప్పు గోధుమరంగు ముద్దయి ఉంది. దాని కింద వైరులో సగం పోగులు కత్తితో కోసినట్టు తెగి ఉన్నాయి, మిగిలినవి నల్లబడి పుటుక్కుమన్నాయి. తొడుగు చీల్చి చూస్తే రాగికి పట్టిన ఆకుపచ్చ చిలుము నాలుగు వేళ్ల మేర లోపలికి పాకింది. ఫ్యూజు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ ఫ్యూజు గురించి నేను చాలా రాత్రులు ఆలోచించాను. కరెంటు హద్దు మీరితేనే అది తెగుతుంది. పాడైన అతుకు కరెంటును పెంచదు, ఇంకా కొంచెం తగ్గిస్తుంది. పదో వంతు ఓమ్ అడ్డు చాలు, తొమ్మిది ఆంపియర్లు పారితే ఆ అతుకులో ఎనిమిది వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్‌ను వైర్ల కట్టలో దాచి పెట్టినట్టే. ఫ్యూజుకు దాని సంగతే తెలియదు.

కొయ్యనక్కరలేదని అమ్మే క్లిప్పు, నీకు చెప్పకుండా కోస్తుంది. లోపలి బ్లేడు తొడుగును చీల్చి రాగిని అందుకోవాలి. వైరు లావులో కొంచెం తేడా వచ్చినా అందదు, లేదా పోగులను తెంపుతుంది. తెరిచిన ఆ చీలికలోంచి నీరు దిగుతుంది. కారు లోపల పొడి చోట, సరైన సైజుది పెట్టి ఏళ్లు నడిపినవాళ్లు ఉన్నారు, కాదనను. బానెట్ కింద మాత్రం వద్దు.

నువ్వు వైరును ధైర్యంగా కొయ్యి. జిగురు పూత ఉన్న హీట్ ష్రింక్ బట్ కనెక్టర్లు కొను, అంటే వైర్ల కొనలను రెండు వైపుల నుంచి దూర్చి నొక్కే గొట్టాలు, వేడికి తొడుగు బిగుసుకుంటుంది. ఎరుపు 0.5 నుంచి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైర్లకు, నీలం 1.5 నుంచి 2.5 వరకు, పసుపు 4 నుంచి 6 వరకు. కోసిన పాత వైరు ఒక కొనను ఒకవైపు పెట్టు, రెండో కొనకు నీ సన్న వైరును జత చేసి మరోవైపు పెట్టు. ఆ రెండింటి లావు కలిపి లెక్క చూడు. పాతది 1.5, నీది 0.5 అయితే రెండు, నీలంలో ఇముడుతుంది. పూర్తిగా నొక్కేదాకా విడవని రాచెట్ క్రింపర్ వాడు. మామూలు ప్లయర్‌తో నొక్కితే పైకి చదునుగా కనిపిస్తుంది గానీ లోపల వదులే. తర్వాత హీట్ గన్‌తో, కొసల్లో జిగురు బయటికి ఉబికేదాకా వేడి చెయ్యి. రెండు వైర్లున్న వైపు వాటి సందులోకి కూడా జిగురు దిగిందో లేదో చూడు. లైటరు వద్దు, తొడుగు మాడుతుంది.

టంకం సంగతి అడుగుతావు. నేను చాలాకాలం టంకమే పెట్టాను, అది మెరుస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. కానీ కరిగిన టంకం పోగుల్లో పైకి పాకి వైరును పుల్లలా బిరుసు చేస్తుంది. బండి అదురుకు, ఆ బిరుసు ముగిసే చోట వైరు విరుగుతుంది. తప్పనిసరైతే రెండు వైపులా కట్టి ఆనిక ఇవ్వాలి. లివరు ఎత్తి వైరు దూర్చే కనెక్టర్లు ఇళ్ల వైరింగుకు పుట్టినవి, బల్ల మీద పరీక్షకు బాగుంటాయి, వానకు ఆగవు. మెలిపెట్టి టేపు చుట్టడం గురించి నా చేత మాట్లాడించకు.

అన్నీ అయ్యాక ల్యాంపులు వెలిగించి, నీ ప్రతి అతుకుకూ అటు ఇటు మల్టీమీటర్ పెట్టు. పదో వంతు వోల్టు దాటితే కోసి మళ్లీ చెయ్యి. కనెక్టరు పోయిందని బాధపడకు.

ఆ రాత్రి సంగతి నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు. మీ నాన్న కూడా నన్ను ఒక్క మాట అనలేదు, ఇంటికొచ్చాక నిన్ను భుజాన వేసుకుని లోపలికి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదేమో. ఇప్పుడు నువ్వే ఆ స్టీరింగు వెనక కూర్చుంటావు కాబట్టి రాస్తున్నాను. కోపం వస్తే నా మీదే రానీ.

నా క్రింపర్ పంపుతున్నాను. పిడి మీద రబ్బరు చిరిగింది, స్ప్రింగు కొంచెం గట్టి, రెండు చేతులతో నొక్కు. ముందు పనికిరాని వైరు ముక్కల మీద పది అతుకులు వేసి, ఒక్కొక్కటీ గట్టిగా లాగి చూడు. ఏవి జారిపోయాయో, ఎక్కడ తెగాయో ఫోటో తీసి పంపు. అవి చూసేదాకా వ్యాను ముట్టుకోకు.

నీ పెదనాన్న