నిదానం వేరు, సాగదీత వేరు

ప్రశ్న: రెండు గంటల్లో ముగిసే కథను వెబ్ సిరీస్‌లు ఎనిమిది భాగాలకు లాగుతున్నాయి. ఇది కళా, కాలయాపనా?

జవాబు: చాలావరకు కాలయాపనే. అయితే నెమ్మదిగా నడవడం నేరం కాదు. బెల్జియం దర్శకురాలు శాంటల్ అకెర్మన్ 1975లో తీసిన, 200 నిమిషాలకు చేరువైన ‘జాన్ డీల్మన్’ చిత్రంలో ఒక గృహిణి మొదటిరోజు ఇంటిపనులు గడియారంలా సాగుతాయి కనుకే, మరునాడు బంగాళాదుంపలు మరీ ఉడికిపోయి, మళ్లీ కొత్తవాటి తొక్క తీయడానికి కూర్చున్న ఆ గృహిణిని చూడగానే ఆమె లోపల ఏదో పట్టు తప్పుతోందని మాటల్లేకుండానే అర్థమవుతుంది. సాగదీతలో ఏదీ మారదు: మూడో భాగంలో బయటపడ్డ రహస్యాన్నే ఐదో భాగంలో ఇంకొకరికి మొదటినుంచీ చెబుతారు. (భాగాల లెక్క ముందే ఖరారైతే కథ మాత్రం ఏం చేస్తుంది!) అనుమానం వచ్చిన సన్నివేశాన్ని మనసులో తీసేసి చూడండి; తరువాతి దానికి ఏ లోటూ కనిపించకపోతే అది నింపుడు సరుకే.