లోయర్ చేసిన స్పోర్ట్స్ కారు కింద తగలకుండా రోజూ నడపడం ఎలా? నా అనుభవం

స్ప్రింగులు మార్పించి 40 మిల్లీమీటర్లు దించారు, ఇప్పుడు సెల్లార్ ర్యాంప్ దగ్గర రోజూ ముందు లిప్ (బంపర్ కింది అంచు) గీసుకుంటోంది, మళ్లీ మామూలు హైట్‌కి లేపేయాలా అని అడిగారు కదా. నాది మాజ్దా ఎంఎక్స్-5, ఎన్‌డీ (నాలుగో తరం) మోడల్, కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగలిగే స్ప్రింగ్-షాక్ సెట్లు) వేయించి ఆరేళ్లయింది, ఆఫీసుకైనా దూరం ప్రయాణాలకైనా అదే కారు, వేరేది లేదు. అప్పుడే లేపేయకండి. ముందు ఎక్కడ తగులుతోందో, ఎందుకు తగులుతోందో తేల్చుకోండి, ఎందుకంటే చాలామంది కారు మొత్తం ఒకటే ఎత్తు అనుకుని లెక్కేసుకుంటారు, అక్కడే తప్పు జరుగుతుంది.

సమంగా ఉన్న నేల మీద కారు పెట్టి, ట్యాంక్ ఫుల్ చేసి, మీ పక్కన మామూలుగా ఎవరు కూర్చుంటారో వాళ్లని కూర్చోబెట్టి అప్పుడు కొలవండి, ఖాళీ కారుని కొలిస్తే ఉపయోగం లేదు, నా కారులో 45 లీటర్ల పెట్రోలే 33 కిలోల దాకా ఉంటుంది. గట్టి అట్టముక్కలు 90, 100, 110 మిల్లీమీటర్ల ఎత్తులో కత్తిరించి ఒక్కోటి కిందకి తోసి చూడండి, ఏది ఎక్కడ ఆగుతుందో రాసుకోండి. నాకు లిప్ దగ్గర 105, మధ్యలో ఎగ్జాస్ట్ ఫ్లాంజ్ (పొగ గొట్టాలు కలిసే జాయింట్) దగ్గర 98 వచ్చింది. లిప్ గురించే భయపడుతూ ఉన్నాను గానీ అన్నిటికంటే కిందున్నది ఫ్లాంజ్ అని ఆరోజు దాకా నాకు తెలీదు.

ర్యాంప్ దగ్గర మాత్రం ఎత్తు ఒక్కటే చూస్తే సరిపోదు, టైరు నేలని తాకే చోటు నుంచి లిప్ ఎంత ముందుకి ఉందో కూడా చూడాలి. లిప్ 100 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండి, టైరు నేలని తాకే చోటు కంటే 700 మిల్లీమీటర్లు ముందుకి ఉంటే, సుమారు 8 డిగ్రీలు దాటిన వాలు మీదకి నేరుగా వెళ్తే తగులుతుంది. ఫోన్లో లెవెల్ చూసే యాప్ ఉంటుంది కదా, ఫోన్‌ని మీ ర్యాంప్ మీద పెట్టి డిగ్రీలు చూడండి, అనుమానం ఉండదు. కారు మధ్యభాగం తగలడం వేరే లెక్క, అది వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) మీద ఆధారపడుతుంది. నా కారుది 2310 మిల్లీమీటర్లే కాబట్టి స్పీడ్ బ్రేకర్ మీద కింద కొట్టడం తక్కువ, అదే మస్టాంగ్ లాంటి కారుది 2720, కింద అంతే గ్యాప్ ఉన్నా గుట్టలా లేచిన బ్రేకర్ మీద దానికే ముందుగా తగులుతుంది.

ర్యాంపైనా బ్రేకరైనా క్రాస్‌గా (నేరుగా కాకుండా ఏటవాలుగా) తీసుకోమని అందరూ చెప్తారు, నేనూ అదే చెప్తాను, కానీ ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే సరిగ్గా చేస్తారు. లిప్ మధ్యలో ముందుకి పొడుచుకొచ్చి చివర్లలో వెనక్కి, చక్రానికి దగ్గరగా ఉంటుంది, క్రాస్‌గా వెళ్తే ఆ చివర ముందు వస్తుంది, అది తగిలేలోపే చక్రం ఎక్కి ఆ మూల పైకి లేస్తుంది. బ్రేకర్ మీద కూడా అంతే, నేరుగా దాటితే ముందు చక్రాలు రెండూ దిగిపోయి వెనకవి ఇంకా ఎక్కకముందు గుట్ట మొత్తం కారు కడుపు కిందే ఉంటుంది, క్రాస్‌గా అయితే చక్రాలు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కుతాయి కాబట్టి ఏదో ఒకటి కారుని పట్టుకునే ఉంటుంది. అద్దాల్లో వెనకా పక్కనా చూసుకున్నాకే చేయండి, మీరు లేన్ అంతా వాడుకుంటున్నారని బైక్ మీద వచ్చేవాళ్లకి తెలీదు.

ఇంకోటి, నా దృష్టిలో క్రాస్‌గా వెళ్లడం కంటే ఇదే ముఖ్యం, బ్రేక్ వదలడం. బ్రేక్ తొక్కి ఉంటే ముక్కు కిందకి దిగుతుంది, అట్టముక్కతో కొలిచిన 100 అప్పుడు 100 ఉండదు. బ్రేకర్ రాకముందే బాగా స్లో అయిపోయి, ముందు చక్రాలు తాకే ముందు కాలు తీసేసి అలా దొర్లనివ్వాలి. ర్యాంప్ దిగేటప్పుడు కింద సమంగా మారే చోట కూడా ఇదే, పైనే దాదాపు ఆపేసి, ఆ చివరి అర మీటరు బ్రేక్ లేకుండా వెళ్లాలి. నాకు ఇది అలవాటవ్వడానికి రెండు నెలలు పట్టింది, ఆ తర్వాత మా ర్యాంప్ దగ్గర చప్పుడు సగానికి సగం తగ్గిపోయింది, కారుకి ఏమీ మార్చకుండానే.

నాకు జరిగిన పెద్ద నష్టం మాత్రం ర్యాంప్ దగ్గర కాదు, పార్కింగ్‌లో. చక్రాలు ఆగడానికి నేల మీద కాంక్రీట్ దిమ్మ ఉంటుంది కదా, ముందుకి పోనిచ్చి పెట్టాను, లిప్ దాని మీద నుంచి మెల్లగా వంగుతూ వెళ్లిపోయింది, పెద్ద చప్పుడేమీ రాలేదు. తిరిగొచ్చి రివర్స్ చేయగానే లిప్ వెనక అంచు దిమ్మకి పట్టుకుని బంపర్ ఒకవైపు క్లిప్పుల నుంచి ఊడి వచ్చేసింది, కింద ప్లాస్టిక్ ట్రే చిరిగింది. రంగు గీసుకుపోతే బాధ అంతే, ఇలా పట్టుకుని లాగితే పార్టులే పోతాయి. అప్పటి నుంచి ఎక్కడైనా వెనక్కి పెడతాను, అదీ దిగి ఒకసారి చూసుకున్నాకే, ముందుకే పెట్టాల్సి వస్తే దిమ్మకి అడుగు దూరంలో ఆపేస్తాను. ఒకవేళ ఎక్కేసిందని అనుమానం వస్తే రివర్స్ గేర్ వేయకండి. దిగి చూడండి, ముందు చక్రాల వెనక వైపు రెండు చెక్కలు ఆనించి పెట్టండి, వెనక్కి వస్తూ చక్రాలు వాటి మీదకి ఎక్కితే ముక్కు లేస్తుంది, మెల్లగా బయటపడొచ్చు. అందుకే నా డిక్కీలో 25 మిల్లీమీటర్ల మందం చెక్కలు రెండు ఎప్పుడూ ఉంటాయి, జాకీ కింద దూరనప్పుడు కూడా అవే పనికొస్తాయి.

రోడ్డు మీద రాయో, ఊడిన టైరు ముక్కో కనిపిస్తే మామూలు కారులో రెండు చక్రాల మధ్య నుంచి పోనిస్తాం. ఈ అలవాటు పూర్తిగా మానేయాలి. వీలైతే పక్క నుంచి వెళ్లాలి, దానికోసం ముందు కారుకి ఎక్కువ దూరం ఇవ్వాలి, లేకపోతే అది కనిపించేసరికి టైం ఉండదు.

ఇక మీ స్ప్రింగుల సంగతి. ఆపి ఉన్నప్పుడు ఒకే ఎత్తులో ఉన్న రెండు కార్లలో మెత్తటి స్ప్రింగులది ఎక్కువ తగులుతుంది, ఎందుకంటే గుంతలో అది ఎక్కువ దిగుతుంది. మరీ దించితే కదలడానికి చోటు లేక బంప్ స్టాప్‌ల (సస్పెన్షన్ చివరిదాకా దిగినప్పుడు ఆపే రబ్బరు ముక్కలు) మీద కొడుతూ ఉంటుంది, వీపు నొప్పి, గ్రిప్ కూడా పోతుంది. స్ప్రింగులు కోసి దించమని ఎవరైనా చెప్తే మాత్రం వద్దు, స్ప్రింగ్ చోటు నుంచి జారే ప్రమాదం ఉంటుంది. నేను మొదట చూపు కోసం బాగా దించాను, ఏడాది తర్వాత ముందు వైపు 12 మిల్లీమీటర్లు లేపించాను, దూరం నుంచి ఎవరికీ తేడా తెలీలేదు, నాకు మాత్రం రోజూ తెలిసింది. కాయిలోవర్ కాలర్ని (ఎత్తు మార్చే రింగు) 10 మిల్లీమీటర్లు పైకి తిప్పితే బాడీ కూడా 10 లేస్తుందని లేదు, సస్పెన్షన్ రకాన్ని బట్టి మారుతుంది, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలుచుకోవాలి. ఎత్తు మార్చిన ప్రతిసారీ అలైన్‌మెంట్ తప్పనిసరి, టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తేడాగా ఉంటే టైరు లోపలి అంచు మీకు కనిపించకుండానే అరిగిపోతుంది. టైర్లు మార్చేటప్పుడు కూడా చూసుకోండి, అదే రిమ్ మీద 205/45 తీసి 205/40 వేస్తే (మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది టైరు గోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో) కారు ఇంకో 10 మిల్లీమీటర్లు దిగినట్టే.

ముందు భాగాన్ని బటన్‌తో లేపే లిఫ్ట్ కిట్లు ఉన్నాయి, పోర్షే 911లో ఈ సదుపాయం సుమారు 40 మిల్లీమీటర్లు లేపుతుంది, ఇప్పటి మోడల్‌లో జీపీఎస్‌తో చోటు గుర్తుపెట్టుకుని అక్కడికి రాగానే తనే లేస్తుంది కూడా. బాగుంటుంది గానీ ఒక్క ర్యాంప్ కోసం అంత ఖర్చు ఎందుకు, ముందు ర్యాంప్ మొదట్లో రబ్బర్ పట్టీలు వేసి వాలు తగ్గుతుందేమో చూడండి. లిప్ కింద కూడా మార్చుకోగలిగే రబ్బర్ స్ట్రిప్ వేయించుకోండి, అరిగితే అదే అరుగుతుంది. బలంగా ఉండాలని లావు బోల్టులతో మాత్రం బిగించొద్దు, గట్టిగా తగిలినప్పుడు స్ట్రిప్ ఊడిపోవాలి గానీ బంపర్ పగలకూడదు.

చప్పుడు తేడా కూడా తెలుసుకోండి. ప్లాస్టిక్ గీసిన చప్పుడైతే తర్వాత చూసుకోవచ్చు, ఇనుము కొట్టిన చప్పుడు వస్తే పక్కన ఆపి కింద ఆయిల్ చుక్కలు పడుతున్నాయేమో చూడాలి, ఆయిల్ లైట్ వెలిగితే వెంటనే ఇంజిన్ ఆపేయాలి, దగ్గరే కదా అని ఇంటిదాకా కూడా నడపొద్దు. టోయింగ్‌కి ఫోన్ చేసినప్పుడు కారు లోయర్ చేసిందని ముందే చెప్పి ఫ్లాట్‌బెడ్ (కారుని పూర్తిగా పైకి ఎక్కించుకునే ట్రక్కు) అడగండి.

మీ ర్యాంప్ ఎన్ని డిగ్రీలో, లిప్ ఎత్తు, టైరు నుంచి లిప్ దూరం ఈ మూడూ కింద కామెంట్‌లో పెట్టండి, క్రాస్‌గా వెళ్తే సరిపోతుందో, 10-15 మిల్లీమీటర్లు లేపక తప్పదో లెక్కేసి చెప్తాను.