రీసెర్చ్ అసిస్టెంట్ ఇంటర్వ్యూ: పేపర్లు లేకపోతే ఇబ్బందా, ఏం అడుగుతారు?

మాస్టర్స్ ఇప్పుడే అయింది, ఒక్క పబ్లికేషన్ కూడా లేదు, వచ్చే వారమే రీసెర్చ్ అసిస్టెంట్ పోస్టుకు ఇంటర్వ్యూ, ఏం అడుగుతారని మీరు అడిగారు. ముందు ఆ పేపర్ల టెన్షన్ వదిలేయండి. ఈ పోస్టుకు వచ్చేవాళ్లలో చాలామందికి అవి ఉండవని ప్రొఫెసర్లకూ తెలుసు. నేను ఇలాంటి ఇంటర్వ్యూ ఇచ్చి చేరినవాణ్ణే. తర్వాత కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు ప్రొఫెసర్ పక్కన కూర్చున్నాను కూడా. ఈ మనిషికి డేటా అప్పగిస్తే నిశ్చింతగా ఉండొచ్చా అన్నదే అక్కడ ముఖ్యంగా చూసేది.

ఎక్కువసేపు మీ థీసిస్ మీదే నడుస్తుంది. "మేం సర్వే చేశాం, మేం విశ్లేషించాం" అంటూ పోతే, "అందులో మీరు చేసిందేమిటి?" అని మధ్యలోనే ఆపుతారు. నన్నయితే ఒక టేబుల్ దగ్గర పట్టుకున్నారు. "600 మందిని సర్వే చేశామన్నారు, ఇక్కడ 571 మందే ఉన్నారు, మిగతావాళ్లేమయ్యారు?" వయసు రాయనివాళ్లు కొందరు, ఒకే ఐడీతో రెండుసార్లు ఎక్కిన ఎంట్రీలు కొన్ని. ఏ నియమం పెట్టుకుని తీసేశావు, ఉంచేస్తే ఫలితం మారుతుందేమో చూశావా, ఇలా ఆ 29 మంది చుట్టూనే చాలాసేపు తిప్పారు. రాత్రంతా కూర్చుని బట్టీ పట్టిన థియరీ జోలికి ఎవరూ రాలేదు! మీ థీసిస్‌లో ఇలాంటి అంకెలు ఎక్కడున్నాయో ఇప్పుడే వెతికి పెట్టుకోండి.

స్టాటిస్టిక్స్‌లో పి-వాల్యూ తరచూ అడుగుతారు. నల్ హైపోథిసిస్, అంటే అసలు తేడా ఏమీ లేదన్న ఊహ, నిజమనుకుంటే, మన డేటాలో కనిపించినంత తేడా గానీ అంతకు మించింది గానీ వచ్చే సంభావ్యత అది. "నల్ హైపోథిసిస్ నిజమయ్యే సంభావ్యత" అని తప్పుగా, అదీ ధీమాగా చెప్పేసేవాళ్లే ఎక్కువ. ఒకమ్మాయి మాత్రం "నిర్వచనం కచ్చితంగా చెప్పలేను సార్, నా ప్రాజెక్టులో ఎలా వాడానో చెబుతాను" అంది. ఆ అమ్మాయినే తీసుకున్నాం.

ప్రొఫెసర్ ఈమధ్య రాసినవి ఒకటి రెండు పేపర్లు చదవండి. సారాంశంతో ఆగకుండా పద్ధతులు, పరిమితుల భాగాలు కూడా చూడండి. తర్వాత చేయబోయే పనికి ఆనవాళ్లు చాలాసార్లు ఆ పరిమితుల్లోనే దొరుకుతాయి. పొగడ్తలు అక్కర్లేదు, అర్థంకాని చోటు ఒకటి అడిగితే చాలు. గజిబిజి ఫైల్ ఇచ్చి శుభ్రం చేయమంటే అసలు ఫైల్‌ను ముట్టుకోకండి. ఆ పనంతా వేరే స్క్రిప్టులో, అంటే కోడ్ ఫైల్‌లో చేసి, ఏది ఎందుకు తీసేశారో పక్కన కామెంట్ రాయండి.

చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అంటారు. నిధులు ఎంతకాలానికి ఉన్నాయి, రోజూ ఎవరికి రిపోర్ట్ చేయాలి, ఎంత పని చేస్తే పేపర్‌లో పేరు వేస్తారు అని అడగండి, మొహమాటం వద్దు. పేరు సంగతి "అప్పుడు చూద్దాంలే" అని దాటేస్తే, ఇప్పటికే అక్కడ పనిచేస్తున్నవాళ్లతో ఒకసారి విడిగా మాట్లాడాకే ఒప్పుకోండి.