అండారా ట్రిప్: గది అద్దె కన్నా కారు కాంట్రాక్టు మీద కన్నేయండి

ప్రశ్న: మేం బ్రిస్బేన్‌లో ఉంటున్నాం. ఇద్దరం పర్మనెంట్ రెసిడెంట్లం, బాబుకి నాలుగేళ్లు. ఆగస్టులో గుంటూరు నుంచి అమ్మానాన్నలు మూడు నెలలకు విజిటర్ వీసా మీద వస్తున్నారు. కెయిన్స్‌కి విమానంలో వెళ్లి, అక్కణ్నుంచి కారులో లావా గుహలున్న అండారా వోల్కానిక్ నేషనల్ పార్కుకి తీసుకెళ్లాలని ఉంది. అవుట్‌బ్యాక్ (ఊళ్లకు దూరంగా ఉండే లోపలి ప్రాంతం) కదా అని ఫోర్ వీల్ డ్రైవ్ బండితో లెక్కేస్తే 9,000 డాలర్లు తేలింది. ఆఫ్‌సెట్ ఖాతాలో (హోమ్ లోన్‌కు జతచేసిన ఖాతా, అందులో ఉన్నంత సొమ్ముకు లోన్ వడ్డీ పడదు) 31,000 ఉంది. నెల ఖర్చు 6,500. హోమ్ లోన్ వడ్డీ 6 శాతం. పర్సనల్ లోన్ తీసుకోవాలా, ఆఫ్‌సెట్ నుంచి తీయాలా?

జవాబు: ముందు 9,000 సంగతి చూద్దాం. అంత అక్కర్లేదు. కెయిన్స్ నుంచి అథర్టన్, రేవెన్స్‌హో, మౌంట్ గార్నెట్ మీదుగా అండారా దాదాపు 300 కిలోమీటర్లు. హైవే దిగాక పార్కు బసకు వెళ్లే రోడ్డుతో సహా మొత్తం తారు రోడ్డే. ఫోర్ వీల్ డ్రైవ్ అవసరం లేదు. మీకు కావాల్సింది చోటు. వెనక సీట్లో చైల్డ్ సీటు పెట్టి పెద్దవాళ్లను చెరోపక్క ఇరికిస్తే నాలుగు గంటల ప్రయాణం వాళ్లకు నరకం. మామూలు ఏడు సీట్ల బండి తీసుకోండి.

ఆరు రోజులకు నా అంచనా ఇది. రేట్లు బుక్ చేసే రోజున సరిచూసి మార్చుకోండి. విమాన టికెట్లు ఐదుగురికి రానుపోను 1,750. బండి రోజుకు 130 చొప్పున 780. విడిగా కొనే ఎక్సెస్ (ప్రమాదం జరిగితే మనం కట్టాల్సిన వాటా) ఇన్సూరెన్స్ 90. చుట్టుపక్కల తిరుగుడుతో కలిపి 900 కిలోమీటర్లు, వందకు 10 లీటర్లు, లీటరు 2.20 అనుకుంటే పెట్రోలు 200. అండారాలో రెండు గదులు, రెండు రాత్రులు 1,000. అథర్టన్‌లో ఒకటి, కెయిన్స్‌లో రెండు రాత్రులు కలిపి 840. గైడెడ్ టూర్లు 400. తిండి 900. వెరసి 5,960. పదో వంతు చేతిలో ఉంచుకుంటే సుమారు 6,600.

ఇక సొమ్ము ఎక్కణ్నుంచి అంటే, ఆఫ్‌సెట్ నుంచే. 6,600 తీసినా 24,400 మిగులుతుంది. మూడు నెలల ఖర్చు 19,500 అందులో భద్రంగా ఉంటుంది. నెలకు 600 చొప్పున పదకొండు నెలల్లో తిరిగి నింపితే మీకు అదనంగా పడే వడ్డీ 200 డాలర్ల లోపు. అదే మొత్తం 12 శాతానికి రెండేళ్ల పర్సనల్ లోన్ తీసుకుంటే నెలకు 311 కట్టాలి, వడ్డీయే సుమారు 857 అవుతుంది. ప్రాసెసింగ్ ఫీజు దానికి అదనం. ట్రిప్ కోసం ముందునుంచే దాచాలన్నా వేరే సేవింగ్స్ ఖాతా వద్దు. అక్కడ వచ్చే వడ్డీకి ట్యాక్స్ పడుతుంది. ఆఫ్‌సెట్‌లో తగ్గే వడ్డీకి పడదు.

ఒక్క జాగ్రత్త. మీ లోన్‌లో ఎక్కువ కట్టిన సొమ్ము రీడ్రాలో (అదనంగా కట్టింది వెనక్కి తీసుకునే సదుపాయం) కూడా ఉంటే దాన్ని ఇలాంటి ఖర్చులకు ముట్టుకోవద్దు. రేపు ఆ ఇల్లు అద్దెకిచ్చి మరో ఇంటికి మారితే, రీడ్రా నుంచి సొంత ఖర్చులకు తీసిన భాగం మీద వడ్డీని ట్యాక్స్‌లో చూపించుకోలేరు. ఆఫ్‌సెట్‌తో ఈ చిక్కు లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఈ ట్రిప్‌లో మీకు నిజంగా దెబ్బ తగిలితే అది గది అద్దె దగ్గర తగలదు, కారు అద్దె కాంట్రాక్టులో తగులుతుంది. సంతకం పెట్టే ముందు మినహాయింపుల పేజీ తీయండి. బండి అడుగుభాగం, పైకప్పు, నీళ్లలో దిగడం, తారు లేని రోడ్లు, తప్పు ఇంధనం చాలా కాంట్రాక్టుల్లో కవర్ కావు. ముందు అద్దం (విండ్‌స్క్రీన్), టైర్ల కవర్ చాలాసార్లు విడిగా ఉంటుంది. కొన్నింట్లో ఊళ్ల బయట చీకటి పడ్డాక నడిపితే, లేదా జంతువు తగిలితే నష్టమంతా మీదే. ఆ దారిలో కంగారూలు రోడ్డెక్కేది సరిగ్గా సంధ్య వేళే. ముందు భాగం నుజ్జయి రేడియేటర్ పగిలి, బండిని వందల కిలోమీటర్లు లాక్కెళ్లాల్సి వస్తే, ఆ బిల్లు ముందు మొత్తం ట్రిప్ ఖర్చు చిన్నదైపోతుంది.

అందుకే నా బడ్జెట్‌లో అథర్టన్‌లో ఒక రాత్రి ఉంది. మధ్యాహ్నం కెయిన్స్‌లో దిగి అదే రోజు అండారా చేరదామని బయల్దేరితే చివరి గంట చీకట్లో నడపాల్సిందే, ఆగస్టులో ఆరు దాటగానే పొద్దు గూకుతుంది. మర్నాడు పొద్దున తీరిగ్గా కదలండి. మౌంట్ గార్నెట్‌లో ట్యాంకు నింపండి. ఆ దారుల్లో చాలా పొడవైన రోడ్ ట్రైన్లు (వరసగా ట్రైలర్లు లాగే లారీలు) తిరుగుతుంటాయి. ఎదురుగా వస్తుంటే వేగం తగ్గించి, వీలైనంత ఎడమకు జరిగి దారివ్వండి. అద్దం పగిలేది ఎక్కువగా వాటి చక్రాలు ఎగజిమ్మే రాళ్ల వల్లే. అందుకే పాలసీలో అద్దం ఉందో లేదో చూడమంటున్నాను.

కౌంటర్ దగ్గర ఎక్సెస్ తగ్గిస్తామని రోజుకు 30, 40 డాలర్లు అడుగుతారు. బయట కొనే ఎక్సెస్ ఇన్సూరెన్స్ అందులో సగానికే దొరుకుతుంది. కానీ అది పనిచేసే తీరు వేరు. ప్రమాదం జరిగితే ఎక్సెస్ 5,000 అయితే ఆ 5,000 ముందు మీ కార్డు నుంచే పోతుంది, క్లెయిమ్ డబ్బు తర్వాత వస్తుంది. కాబట్టి క్రెడిట్ కార్డులో అంత లిమిట్ ఖాళీగా ఉంచండి. ఇంకో మాట, కాంట్రాక్టు ఉల్లంఘిస్తే ఈ ఇన్సూరెన్స్ కూడా ఆదుకోదు. మీ ఆవిడ నడిపేటట్టయితే ఆమె పేరు రాయించాల్సిందే. నాన్నగారు సరదాపడినా, పేరు రాయించకుండా స్టీరింగ్ ఇవ్వొద్దు. బండి తీసుకునేటప్పుడు అద్దం, నాలుగు టైర్లు, బంపర్ కింద భాగం వీడియో తీసుకోండి.

అమ్మానాన్నల ఇన్సూరెన్స్ ఇంకా ముఖ్యం. మీరు క్వీన్స్‌లాండ్ వాసులు కాబట్టి అంబులెన్స్ ఖర్చు రాష్ట్ర ప్రభుత్వం చూసుకుంటుంది. వాళ్లకు ఆ సదుపాయం లేదు. ఆస్ట్రేలియాకి ఇండియాతో మెడికేర్ (ప్రభుత్వ వైద్య పథకం) ఒప్పందం లేదు కాబట్టి ఆసుపత్రి ఖర్చూ మీ నెత్తినే. అండారా లాంటి మారుమూల నుంచి మనిషిని పెద్దాసుపత్రికి తరలించడమంటే మాటలు కాదు. పాలసీలో అంబులెన్స్, అత్యవసర తరలింపు స్పష్టంగా రాసి ఉండాలి. బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయండి, అవి కవర్ అవుతాయో లేదో లిఖితంగా తెప్పించుకోండి. ఇండియాలో తక్కువకు వస్తుందని కొంటే, వయసును బట్టి ఒక్కో చికిత్సకు పెట్టే ఉప పరిమితులు చదివాకే కొనండి. ఇది మూడు నెలలకు పడే ఖర్చు కాబట్టి ట్రిప్ లెక్కలో కలపలేదు.

నాన్నగారు తన వాటా తన కార్డుతో ఇస్తానంటే, ఇండియా కార్డులపై విదేశాల్లో వాడినందుకు 3.5 శాతం దాకా మార్కప్ (అదనపు రుసుము), దానిమీద 18 శాతం జీఎస్‌టీ పడతాయి. 2,000 డాలర్లకు 80 పైనే పోతుంది. ఆయన కార్డు వాడాల్సే వస్తే, మెషీన్ రూపాయలా డాలర్లా అని అడిగినప్పుడు డాలర్లే నొక్కండి.

బుకింగ్ వరుస తప్పొద్దు. లావా గుహల్లోకి గైడెడ్ టూర్‌తో తప్ప వెళ్లనివ్వరు. అందుకని ముందు టూర్ సీట్లు, ఆ తర్వాత గదులు, ఆపైన విమానం. టూర్లో ఎన్ని మెట్లున్నాయో అడిగి, అమ్మగారి మోకాళ్లకు సరిపడేదే తీసుకోండి. పాత రైలు పెట్టెల్ని గదులుగా మార్చిన బస పిల్లాడికి తెగ నచ్చుతుంది. పెద్దవాళ్లకు మాత్రం బాత్రూం లోపలే ఉన్న గది అడిగి తీసుకోండి, ఆగస్టు రాత్రుల చలిలో బయటికి నడిపించొద్దు. అక్కడ దగ్గర్లో సూపర్ మార్కెట్ ఉండదు, బియ్యం, పెరుగు, కూరగాయలు అథర్టన్‌లోనే కొనేయండి. గదిలో రైస్ కుక్కర్ పెట్టనిస్తారో లేదో బుకింగ్ రోజే కనుక్కోండి. పెట్టనివ్వకపోతే రెండు రోజుల రెస్టారెంట్ బిల్లు తిండి లెక్కలో ఇంకో 150 కలుపుతుంది.