తాతగారి ట్రంకు పెట్టెలో బ్రాడ్‌మన్

ప్రశ్న: మా తాత నెల్లిమర్ల జూట్ మిల్లులో గుమస్తాగా చేశారు. ఇల్లు దులుపుతుంటే ఆయన ట్రంకు పెట్టెలో జాన్ ప్లేయర్ సిగరెట్ కంపెనీ వాళ్ల 1934 క్రికెటర్ల బొమ్మల కార్డుల ఆల్బమ్ దొరికింది. యాభై కార్డులూ అతికించి ఉన్నాయి, బ్రాడ్‌మన్ కూడా ఉన్నాడు. అమెరికాలో 2022లో హెరిటేజ్ వాళ్ల వేలంలో బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్ కార్డు 1.26 కోట్ల డాలర్లకు పోయిందట, అక్కడికే పంపుదామంటాడు మా అల్లుడు. ఈలోగా ఒకాయన ఫోన్ చేసి, తనే వేలంలో పెట్టిస్తానని, ముందు 3,000 రూపాయలు కట్టమంటున్నాడు. ఎవరికివ్వాలి? అన్నట్టు మన విజ్జీ (విజయనగరం మహారాజకుమార్) బొమ్మ ఇందులో ఉండాలి కదా, కనబడలేదేం?
– ఒక పాఠకుడు, నెల్లిమర్ల

జవాబు: ఆ ఫోనాయనకి రూపాయి కూడా కట్టకండి. పేరున్న వేలం సంస్థలు మామూలుగా తమ కమీషన్ అమ్ముడైన డబ్బులోంచే పట్టుకుంటాయి.

మాంటిల్ కార్డు సంగతి వేరండీ. అది 1952 నాటి టాప్స్ కంపెనీ బేస్‌బాల్ కార్డు, ఎంత బాగా మిగిలిందో చూసి ఇచ్చే గ్రేడు పదికి 9.5 వచ్చింది, అంత శుభ్రంగా మిగిలినవి దొరకడమే గగనం. పైగా పేపర్లో వేసిన ఆ ధరలో కొన్నవాడు సంస్థకి అదనంగా కట్టిన ప్రీమియం కూడా కలిసి ఉంది, అమ్మినాయనకి అంతా రాలేదు. మీ సెట్ అయితే అప్పట్లో లెక్కలేనన్ని అచ్చేశారు, అదీ అతికించేసిన ఆల్బమ్, కాబట్టి విడి కార్డులకంటే తక్కువే పలుకుతుంది. అలాగని నీళ్లలో నానబెట్టి ఊడదీశారో, ఉన్నదీ పోతుంది!

అందుకని అమెరికా మాట వదిలేసి, ఇంగ్లండ్‌లో క్రికెట్ పాత వస్తువులే అమ్మే చిన్న సంస్థలు రెండు మూడింటికి ఫొటోలు మెయిల్ చేయండి, ఎందుకంటే కొనేవాళ్లు అక్కడే ఉంటారు. ఇలాంటి ఆల్బమ్ ఈమధ్య మీ దగ్గర ఎంతకి పోయింది, అమ్ముడుపోకపోతే నా మీద ఏం పడుతుంది, డబ్బు ఎన్నాళ్లకిస్తారు అని సూటిగా అడగండి. లెక్క ఇలా ఉంటుంది: పాట 100 పౌండ్ల దగ్గర ఆగిందనుకోండి, ప్రీమియం 20 శాతమైతే కొన్నవాడు 120 కడతాడు, మీ కమీషన్ 15 శాతమైతే మీకొచ్చేది 85, అందులో ఫొటోలకీ ఇన్సూరెన్స్‌కీ కొందరు మళ్లీ కోస్తారు, ఇక్కణ్ణుంచి పంపే పోస్టు ఖర్చు ఎలాగూ మీదే. ఇంత చేసి ఏం మిగులుతుందో కాగితం మీద వేసుకోండి. నన్నడిగితే ఇంట్లో ఉంచుకోమంటాను.

పంపేట్టయితే ఇంకో మాట. వందేళ్లు దాటిన పురావస్తువుల్నీ, చరిత్ర విలువున్న 75 ఏళ్ల పత్రాల్నీ దేశం దాటించకూడదని 1972 చట్టం ఉంది. ఇది ఆ కోవలోది కాదని పురావస్తు శాఖ దగ్గర సర్టిఫికెట్ తీసుకుంటే కస్టమ్స్ దగ్గర టెన్షన్ ఉండదు.

ఇక విజ్జీ. ఆయన మన జట్టుకి కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్లింది 1936లో, మీ సెట్ 1934ది, వెతకడం మానేయండి. కానీ అదే ట్రంకులో ఆయన సంతకమున్న కాగితమో, ఆ టూర్ ఫొటోనో ఉందేమో అడుగుదాకా చూడండి. దొరికితే మళ్లీ రాయండి, అప్పుడు వేలం సంగతి గట్టిగానే మాట్లాడుకుందాం.