నర్సమ్మ గారొస్తే తలుపు తీసేవాళ్ళు

"ప్రభుత్వ ఉద్యోగుల్లో మనసుపెట్టి పనిచేసేవాళ్ళని మీరెప్పుడైనా దగ్గర్నుంచి చూశారా?" అని అడిగారు. చూశానండి, పక్కనే నిలబడి చూశా. మా ఏఎన్ఎం అక్క. పేరు రాయను, రాసినా మా ఊళ్ళో సగం మందికి తెలీదు, అందరికీ ఆవిడ నర్సమ్మ గారే.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. 2009లో పశ్చిమ గోదావరిలో ఓ కాలవ గట్టు ఊరి పీహెచ్‌సీలో చేరా. మా వైపు బోదకాలు గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు, అప్పట్లో ఏ వీధికెళ్ళినా పంచె కిందకి లాక్కుని కాలు దాచుకునే పెద్దాయన ఒకరైనా ఉండేవారు. ఈ జబ్బుతో చిక్కేంటంటే, దోమ ద్వారా ఒంట్లోకి చేరే సన్నటి పురుగుల వల్ల వస్తుంది, వాటి పిల్ల పురుగులు పగలు రక్తంలో దొరకవు, రాత్రే పైకొస్తాయి, దోమ కుట్టే టైముకి రెడీగా అన్నమాట. అందుకని మేం కూడా రాత్రి 8 దాటాకే సంచి సర్దుకుని బయల్దేరాలి, ఎంచుకున్న ఊళ్ళో 500 మంది వేళ్ళకి సూది గుచ్చి గాజు స్లైడ్ల మీద రక్తపు చుక్కలు తియ్యాలి. అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని ముగ్గురు మగాళ్ళు తలుపు కొట్టి "రక్తం ఇవ్వండి" అంటే ఎవరిస్తారండీ. కుక్కలు వెంటపడేవి, ఓసారి దొంగలనుకుని కర్రలు కూడా తీశారు. ఐడీ కార్డు చూపిస్తే "అది మాకేం తెలుసు, పొద్దున్న రండి" అనేవాళ్ళు. పొద్దున్నొస్తే ఏముంటుంది నా మొహం.

నైట్ సర్వే అక్క డ్యూటీ కాదు. పొద్దున్నుంచి టీకాలేసి, రిజిస్టర్లు రాసి, ఇంట్లో వంట చేసి, మళ్ళీ రాత్రి మాతో వచ్చేవారు. తలుపు దగ్గర నిలబడి "నేనేనమ్మా, మీ బుడ్డోడికి సూదేసినదాన్ని" అంటే చాలు, గడియ తీసేవాళ్ళు.

ఓ రాత్రి ఒకాయన మాత్రం కుదరదన్నాడు. అరుగు మీద పడుకుని ఉన్నాడు, కాలు ఏనుగు పాదంలా ఉంది, వేళ్ళ సందులు నానిపోయి పుండ్లు, వాసన. "ఎన్నిసార్లు తీస్తారయ్యా రక్తం, నా కాలు తగ్గించారా ఎప్పుడైనా" అన్నాడు. నిజమే కదా, అంత ముదిరిన కాలు మాత్రలకి తగ్గదు. నేను గొణిగా, టైము పదకొండు, ఇంకా వందపైన స్లైడ్లున్నాయి, ఈయన్ని వదిలేద్దాం అక్కా అని. ఆవిడ నా మాటే వినిపించుకోకుండా కోడల్ని లేపి సబ్బూ చెంబుడు నీళ్ళూ తెమ్మన్నారు. అరుగు కింద గొంతుక్కూర్చుని ఆ కాలు కడిగారండీ. ఒక్కో వేలి సందు మెత్తటి గుడ్డతో తడి లేకుండా తుడిచి, "ఇక్కణ్ణుంచే చీము పట్టి నీకు జ్వరం వస్తంది బాబాయ్, రోజూ ఇట్టా కడిగితే జ్వరాలు తగ్గుతాయి, పడుకునేప్పుడు కాలు కింద దిండెయ్యి" అని కోడలికి కూడా చూపించారు. ఇరవై నిమిషాలు. నేను టార్చి పట్టుకుని నిలబడ్డా. మెల్లగా నా వైపు తిరిగి "స్లైడు నీక్కావాలి తమ్ముడూ, ఆయనక్కాదు" అన్నారు. ఈలోపు వీధంతా లేచి చూడ్డానికొచ్చింది, వచ్చినవాళ్ళు వచ్చినట్టే వేళ్ళు చాపారు. ఆ వీధిలో ఒక్క ఇల్లు కూడా మిగల్లేదు. తాత ఆఖర్న వేలిచ్చాడు.

ఇప్పుడేమో అన్నిటికీ యాప్. ఫోటో తియ్యి, లొకేషన్ పెట్టు, సిగ్నల్ లేకపోతే చెట్టెక్కు. మనిషి దగ్గర రెండు నిమిషాలు, ఫోనుతో ఇరవై. నైట్ సర్వే టీఏ బిల్లులు నావి ఇంకా రావాల్సినవి ఉన్నాయి, అది వేరే గోల. ఇంకో సంగతి, ఏడాదికోసారి ఇంటికొచ్చి బోదకాలు పురుగుల్ని చంపే డీఈసీ మాత్రలిస్తే "తర్వాత వేసుకుంటాం" అని తీసుకుని డ్రైనేజీలో పడేసేది మన జనమే, బాగా చదువుకున్నోళ్ళే ఎక్కువ. వేసుకుంటే జ్వరం వచ్చిందని గొడవ. చాలాసార్లు అది ఒంట్లో పురుగులు చస్తుంటే వచ్చే జ్వరం బాబూ, రెండ్రోజుల్లో పోద్ది. పెద్ద పురుగు ఏళ్ళ తరబడి బతుకుతుంది కాబట్టే ఏటా ఇస్తారు, ఇవ్వడానికి మాకేం సరదా కాదు. అక్క ముందు మాత్రం ఎవరూ దాచేవాళ్ళు కాదు, అన్నం తిన్నావా అని అడిగి, గ్లాసు చేతికిచ్చి, మింగాక నోరు తెరవమనేవారు, సర్పంచ్ గారినైనా సరే. మా ఊళ్ళో ఇవాళ ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళలో వాచిన కాలు కనపడదు. అందులో సగం ఆవిడ చలవే, ఎవరు కాదన్నా రాసిస్తా.

రిటైరయ్యాక రెండేళ్ళకే గుండెపోటుతో పోయారు.

బోదకాలు మోసే దోమకి మురుగు నీళ్ళంటే ఇష్టం కదా, అందుకని ఆవిడ చిరిగిన దోమతెరలు అడుక్కొచ్చి ముక్కలు కోసి సెప్టిక్ ట్యాంకుల గాలి గొట్టాలకి కట్టించేవారు, మేం నవ్వేవాళ్ళం. మొన్న ఆ వీధిలోకెళ్తే ఇంకా కొన్ని గొట్టాలకి తెరలున్నాయి, కొత్తవి కూడా. ఒకటి చిరిగి వేలాడుతుంటే ఆ ఇంటాయన్ని పిలిచి మార్చమని చెప్పా. "ఆయ్, రేపు కట్టేస్తానండి" అన్నాడు. కట్టాడో లేదో ఆదివారం వెళ్ళి చూడాలి.