మీటింగ్‌కి వెళ్లకుండానే మినిట్స్‌లో సంతకం పెట్టాను, నా మీద బాధ్యత పడుతుందా?

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని. యువతకు శిక్షణ ఇచ్చే ఒక పబ్లిక్ చారిటబుల్ ట్రస్టులో మూడేళ్లుగా ట్రస్టీగా ఉన్నాను. మొత్తం ఏడుగురం. పనంతా మేనేజింగ్ ట్రస్టీయే చూస్తారు. మినిట్స్ బుక్ (మీటింగ్‌లో జరిగినవి రాసే పుస్తకం) ఇంటికి పంపిస్తే సంతకం పెట్టి ఇచ్చేదాన్ని. శిక్షణ కేంద్రం నడుస్తున్న భవనం ఆయన తమ్ముడిదని, అద్దె చుట్టుపక్కల కంటే బాగా ఎక్కువని ఈమధ్యే తెలిసింది. స్కాలర్‌షిప్‌ల కోసం ఒక దాత ఇచ్చిన డబ్బుతో కారు కొన్నారు. అడిగితే "మీకెందుకండీ ఆ టెన్షన్, నేను చూసుకుంటాను" అంటారు. మా దగ్గర చదువుకునే పదహారేళ్ల అమ్మాయికి ఒక వాలంటీర్ రాత్రిళ్లు అసభ్యంగా మెసేజ్‌లు పెడుతున్నాడని కూడా తెలిసింది. అతన్ని మందలించి వదిలేశారు. రాజీనామా చేస్తే వీటన్నిటి నుంచి బయటపడతానా?

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన విషయంతోనే మొదలుపెడతాను. డబ్బు లెక్కలు ఒక వారం ఆగినా ఫర్వాలేదు. ఆ అమ్మాయి సంగతి ఒక్కరోజు కూడా ఆగకూడదు.

పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్లలోపు వారికి వర్తిస్తుంది. లైంగిక ఉద్దేశంతో పిల్లలకు ఫోన్‌లో పదేపదే మెసేజ్‌లు పెట్టడం కూడా దాని 11వ సెక్షన్ ప్రకారం లైంగిక వేధింపే. నేరం జరిగిందని తెలిసినవారు ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలని 19వ సెక్షన్ అంటుంది. ఆ "ఎవరైనా"లో మీరూ ఉన్నారు. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సంస్థ బాధ్యతలు చూసే వ్యక్తి తన కింద పనిచేసేవాడి నేరాన్ని చెప్పకపోతే శిక్ష ఏడాది వరకు ఉంటుంది, జరిమానా అదనం. దీనికి బోర్డు తీర్మానం అక్కర్లేదు, మేనేజింగ్ ట్రస్టీ అనుమతీ అక్కర్లేదు. "ముందు మనం విచారించి నిజమో కాదో తేలుద్దాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది తేల్చాల్సింది పోలీసులు. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారికి చట్టం రక్షణ ఇస్తుంది, కాబట్టి భయపడకండి. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

దయచేసి ఆ పాపను బోర్డు ముందు కూర్చోబెట్టి జరిగింది చెప్పమనకండి. ఒకసారి చెప్పడమే ఆ వయసులో ఎంత కష్టమో పిల్లలకు పాఠాలు చెప్పిన మీకు తెలుసు. ఆమె వాంగ్మూలం పోలీసులు ఆమె ఇంట్లోనో, ఆమె కోరుకున్న చోటనో తీసుకోవాలి. వీలైనంతవరకు మహిళా అధికారే, యూనిఫామ్ లేకుండా రావాలి. ఫోన్‌లోని మెసేజ్‌లు డిలీట్ చేయవద్దని తల్లిదండ్రులకు చెప్పండి. ఆ వాలంటీర్ ఈరోజు నుంచే కేంద్రంలో అడుగుపెట్టకూడదని రాతపూర్వకంగా అడగండి.

ఇక మీ సంతకాల సంగతి. 1882 నాటి భారత ట్రస్టుల చట్టం ప్రైవేటు ట్రస్టులకు సంబంధించినది, మీలాంటి పబ్లిక్ ట్రస్టుకు నేరుగా వర్తించదు. అయినా ట్రస్టీ ఎలా నడుచుకోవాలి అనే ప్రశ్న వచ్చినప్పుడు కోర్టులు అందులోని సూత్రాలనే ఆధారంగా తీసుకుంటాయి. వివేకం ఉన్న మనిషి తన సొంత ఆస్తిని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో ట్రస్టు ఆస్తినీ అంతే జాగ్రత్తగా చూడాలి. సాటి ట్రస్టీ చేసిన ప్రతి తప్పుకూ మీరు బాధ్యులు కారు. కానీ డబ్బు ఎటు పోతోందో అడగకుండా ఆయన చేతికి వదిలేసినా, తప్పు తెలిశాక తగిన సమయంలో కదలకపోయినా బాధ్యులవుతారు. మీ విషయంలో మొదటిది కొంత జరిగిపోయింది. రెండోది జరగకుండా చూసుకోవడం ఇంకా మీ చేతుల్లోనే ఉంది.

తమ్ముడి భవనం అద్దెకు తీసుకోవడమే నేరం అనలేం. ఆ సంబంధం బోర్డుకు ముందే చెప్పారా, నిర్ణయం తీసుకునేటప్పుడు ఆయన పక్కకు తప్పుకున్నారా, అద్దె మార్కెట్‌కు తగ్గట్టుందా అన్నవి చూడాలి. ట్రస్టీ బంధువుకు న్యాయమైన అద్దె కంటే ఎక్కువ ఇస్తే ఆదాయపు పన్ను మినహాయింపుకూ ఇబ్బందే. కారు విషయం ఇంకా గట్టిది. స్కాలర్‌షిప్‌లకే అని రాసిచ్చిన విరాళాన్ని బోర్డు మొత్తం ఒప్పుకున్నా మరో పనికి మళ్లించడం తప్పే. దాత రాసిన ఉత్తరం, ఇచ్చిన రసీదు చూడండి. ఆ మొత్తాన్ని తిరిగి స్కాలర్‌షిప్ ఖాతాలో వేయమని అడిగే హక్కు మీకుంది. వెంటనే క్రిమినల్ కేసు అని మాత్రం బెదిరించకండి. భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద నమ్మకద్రోహం నిలబడాలంటే మోసపు ఉద్దేశం రుజువు కావాలి.

ముందు ట్రస్ట్ డీడ్, అంటే ట్రస్టును ఏర్పాటు చేసిన పత్రం, కాపీ తెచ్చుకోండి. మీటింగ్ ఎవరు పిలవాలి, కోరం (మీటింగ్‌కు కనీసం ఉండాల్సిన సభ్యుల సంఖ్య) ఎంత, రాజీనామా ఎలా అన్నవి అందులోనే ఉంటాయి. తర్వాత ఒక ఉత్తరం రాయండి. అద్దె ఒప్పందం, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఓచర్లు, ఆడిట్ రిపోర్టు చూపమని, మీటింగ్ పెట్టమని అడగండి. ఏయే తేదీల మీటింగ్‌లకు వెళ్లకుండానే సంతకం పెట్టారో అందులో నిజాయతీగా ఒప్పుకోండి. ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా అనిపించవచ్చు, కానీ రేపు మిమ్మల్ని కాపాడేది ఆ పేరానే. పాత మినిట్స్ బుక్‌లో మాత్రం ఏదీ కొట్టేయకండి, దిద్దకండి. ఉత్తరాన్ని స్పీడ్ పోస్ట్‌లో, ఈమెయిల్‌లో అందరు ట్రస్టీలకూ పంపండి.

పదిహేను రోజుల్లో స్పందన లేకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ ఉంది. ట్రస్టులో ఆసక్తి ఉన్న ఇద్దరు కలిసి, కోర్టు అనుమతితో దావా వేయవచ్చు. లెక్కలు చూపించమని, ట్రస్టీని తొలగించమని అడగవచ్చు.

రాజీనామా ఇప్పుడే వద్దు. అది పాత బాధ్యతను తుడిచేయదు. పైగా డీడ్ అనుమతించకపోతే బాధ్యత ఒప్పుకున్న ట్రస్టీ తనంతట తాను తప్పుకోవడమూ అంత సులువు కాదు. ఉత్తరం వెళ్లాక, ఆ అమ్మాయి ఫిర్యాదు నమోదయ్యాక అప్పుడు ఆలోచించండి. ఈలోగా మినిట్స్ బుక్ మళ్లీ ఇంటికి వస్తే సంతకం పెట్టకుండా, ఎందుకు పెట్టలేదో ఒక కాగితం మీద రాసి, దాని కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకుని వెనక్కి పంపండి.